షింజుకు ఫొటో ఎందుకు తీసేశానంటే

నా పేజీలో అన్నిటికన్నా ఎక్కువ లైకులు వచ్చిన ఫొటోని నిన్న రాత్రి తీసేశాను. టోక్యోలో, షింజుకు దగ్గరి ఒమోయిదె యోకోచోలో తీసిన ఫొటో అది. ఎర్ర లాంతరు వెలుగు, బొగ్గుల మీంచి లేస్తున్న పొగ, ఆ పొగలో టై వదులు చేసుకుని గ్లాసు ముందు తల వంచుకుని కూర్చున్న ఒక ఉద్యోగి. కింద "ఒంటరితనం" అని రాశాను. లెన్స్ ఏది, సెట్టింగ్స్ ఏంటి అని చాలామంది అడిగారు. ఆయన్ని అడిగి తీశావా అని మాత్రం ఎవరూ అడగలేదు. చివరికి మా ఆఫీసులో ఒక జపనీస్ సహోద్యోగి ఫొటో చూసి, "ఈయనకి తెలుసా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

యోకోచో అంటే పెద్ద వీధికి పక్కన ఉండే సన్నటి సందు. ఒమోయిదె అంటే జ్ఞాపకం. షింజుకు స్టేషన్ పడమటి వైపు, రైలు పట్టాలను ఆనుకుని ఉంటుందీ సందు. రెండో ప్రపంచ యుద్ధంలో నగరం కాలిపోయాక అక్కడ బ్లాక్ మార్కెట్‌గా మొదలైంది. మన పెద్దవాళ్ళు కంట్రోలు బియ్యం గురించి చెబుతారే, అలాంటి రోజులు. గోధుమ పిండి మీద కంట్రోలు ఉండేది కాబట్టి, కంట్రోలు లేని పేగులు, కార్జం, గుండె తెచ్చి పుల్లలకు గుచ్చి కాల్చి అమ్మారు. ఈ రోజుకీ అక్కడ మొత్సుయాకి, అంటే ఈ పేగులు, కార్జం గుచ్చిన పుల్లలు కాలుస్తున్నారంటే ఆ ఆకలి రోజుల వల్లే. 1999 నవంబరులో నిప్పంటుకుని చాలా కొట్లు కాలిపోయాయి. మళ్ళీ కట్టుకున్నారు.

ఒక్కో కొట్టులో ఆరేడు స్టూళ్ళు, అంతే. కౌంటర్‌కి అవతల కాల్చే ఆయన, ఇవతల తినేవాళ్ళు. సందులో నడిచేవాళ్ళ భుజం వాళ్ళ వీపుకి తగులుతుంది. చాలా కొట్లకు వీధి వైపు తలుపు కూడా ఉండదు. ఫొటోలు తీసేవాళ్ళం పొరబడేది ఇక్కడే. తలుపు లేదు కాబట్టి కౌంటర్‌ని కూడా వీధిలో కలిపేసుకుంటాం. పగలంతా బాసు ముందు, క్లయింటు ముందు వంగి వంగి వచ్చిన మనిషి, ఇంటికి రైలెక్కే ముందు ఒక గంట ఎవరికీ ఏమీ కాకుండా కూర్చునే చోటు అది. ఆ గంటనే నేను దొంగిలించాను. పైగా దానికి ఒంటరితనం అని పేరు పెట్టాను. ఆయన ఒంటరిగా ఉన్నాడో, హాయిగా ఉన్నాడో నాకేం తెలుసు?

"మొరియామా అడిగి తీశాడా?" అని వాదించేవాళ్ళున్నారు. నేనూ వాదించాను. వీధి ఫొటోలకు పేరుపొందిన జపాన్ ఫొటోగ్రాఫర్ దైదో మొరియామా చిన్న కెమెరా పట్టుకుని దశాబ్దాలుగా అదే షింజుకులో తిరిగాడు. మనం రెండు రోజుల వీసా టూరిస్టులం, యూట్యూబ్‌లో చూసిన ఫ్రేమే మళ్ళీ కావాలని వెళ్తాం. నాకు ఇప్పుడు గుర్తొచ్చేది ఇంకో ఫొటోగ్రాఫర్, కత్సుమి వతనాబె. 1960ల్లో, 70ల్లో రాత్రిపూట షింజుకులోనే బార్లుండే కబుకిచోలో తిరుగుతూ బార్లలో పనిచేసే ఆడవాళ్ళను, ఆడవేషం వేసుకునే మగవాళ్ళను, యాకూజా ముఠాల వాళ్ళను ఫొటో తీసేవాడు. మూడు ప్రింట్లు 200 యెన్లకు, ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళకే అమ్మేవాడు. ఆ ఫొటోల్లో మనుషులు కెమెరాలోకి సూటిగా, దర్జాగా చూస్తారు. ఎదురుగా ఉన్నవాడు ఎవరో వాళ్ళకి తెలుసు, ఆ ఫొటో తమ చేతికే వస్తుందనీ తెలుసు.

జపాన్‌లో ఇది కొత్త గొడవ కూడా కాదు. మనిషి ముఖాన్ని ఊరికే, ఒప్పుకోలు లేకుండా ఫొటో తీయకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1969లోనే చెప్పింది. ఊరేగింపులో వెళ్తున్న క్యోటో విద్యార్థులను పోలీసులు ఫొటో తీసిన కేసు అది. ఆ కేసులో పోలీసులదే పైచేయి అయినా ఆ సూత్రం మాత్రం నిలిచింది. అదే క్యోటోలో, గియోన్ అనే పాత పేటలో మైకోల (గెయిషాలు కావడానికి శిక్షణలో ఉన్న అమ్మాయిల) వెంటపడే జనాన్ని భరించలేక, ప్రైవేటు సందుల్లో ఫొటో తీస్తే 10,000 యెన్లు కట్టాలని 2019లో బోర్డులు పెట్టారు. 2024లో కొన్ని సందుల్లోకి టూరిస్టులను రావద్దనే అన్నారు. షింజుకులో చిన్న చిన్న బార్ల సందులైన గోల్డెన్ గాయ్‌లో కూడా అనుమతి లేకుండా తీయొద్దని రాసి ఉంటుంది. ఆ బోర్డుల కిందే నిలబడి తీస్తున్నవాళ్ళను చూశాను. అందులో మనవాళ్ళూ ఉన్నారు.

పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. కెమెరా సంచిలో పెట్టి, ముందు కూర్చున్నాను. ఒతోషి అని అడగకుండానే ఒక చిన్న గిన్నె పెడతారు, దాని డబ్బు బిల్లులో కలుస్తుంది. అది కూర్చున్న చోటికి అద్దె లాంటిది. నాలుగు పుల్లలు తిన్నాక "షాషిన్ దైజోబు దెస్ కా?" (ఫొటో తీసుకోవచ్చా?) అని అడిగాను. కొట్టాయన తన చేతులను, నిప్పుల పొయ్యిని చూపించి సరే అన్నాడు. పక్కన కూర్చున్నవాళ్ళ వైపు చెయ్యి అడ్డంగా ఊపాడు. 35 ఎంఎం లెన్స్‌తో చేతులు, పొగ, ఉప్పు చల్లే వేళ్ళు తీశాను. పదకొండు ఫొటోలు. లైకులు ఎన్ని వస్తాయో తెలియదు కానీ, వాటిని ఆయనకే చూపించగలిగాను.

పాత ఫొటోని నా దగ్గర తీసేసినా, షేర్ చేసుకున్నవాళ్ళ పేజీల్లో ఇంకా ఉంది. ఒకరు వాల్‌పేపర్‌గా పెట్టుకున్నామని కూడా చెప్పారు. దయచేసి మీరూ తీసేయండి.