మహారాజశ్రీ కార్పెట్ గారికి, మా తలుపుల తరఫున

మహారాజశ్రీ కార్పెట్ గారికి,

నిన్న సాయంత్రం తమరు అమెరికాలో, ఫ్రిస్కో ఊళ్లోని మా ఇంటి మేడ మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేంచేశారు. సంతోషం. ఇవాళ పొద్దున్నే స్నానం చేసి దేవుడి క్లోజెట్ తలుపు లాగితే, జానెడు తెరుచుకుని తమరిలో కూరుకుపోయింది. లోపల వెంకటేశ్వరస్వామి, బయట నేను, మధ్యలో తమరు. సందులోంచి చేయి పెట్టి అగరొత్తి వెలిగిద్దామంటే రవ్వ తమరి మీద పడుతుందని భయం. నైలాన్ కదా, చిన్న రవ్వకే కరిగి నల్లమచ్చ మిగిలిపోతుంది. ఆ సందులోంచే ఒక కన్నుతో దండం పెట్టుకున్నాను. తిరుమలలో తోసేసే ముందైనా స్వామి పూర్తిగా కనిపిస్తాడు.

తమరిని పరచడం ఉచితం అన్నారు. నిజమే, పరచడం ఉచితమే. పాత కార్పెట్ పీకినందుకు వేరే, దాన్ని పట్టుకెళ్లినందుకు వేరే, మంచాలు జరిపినందుకు వేరే, మెట్లకైతే మెట్టుకింత. తమరు 12 అడుగుల వెడల్పు చుట్టల్లో వస్తారు. మా గది 12 అడుగుల 4 అంగుళాలు. ఆ 4 అంగుళాల కోసం ఇంకో ముక్క కొనిపించి, అతుకు సరిగ్గా కిటికీ వెలుతురు పడేచోట వేశారు. ఉదయం 8 నుంచి 12 మధ్య వస్తామన్నవాళ్లు 3 దాటాక వచ్చారు. పవర్ స్ట్రెచర్ అనే పనిముట్టుతో లాగి బిగించాల్సింది పోయి, మోకాలితో నాలుగు పోట్లు పొడిచి సరిపెట్టారు. హాల్లో అప్పుడే ఒక ముడత లేచింది. పోనీ, అవన్నీ వదిలేస్తాను.

తలుపుల సంగతి మాత్రం వదలను. కొలతలకు వచ్చిన అబ్బాయి లేజర్ పట్టుకుని గదులూ మెట్లూ అంగుళం పొల్లుపోకుండా కొలిచాడు. తలుపు కింద సందు మాత్రం కొలవలేదు. కింద అరంగుళానికి కాస్త తక్కువ మందం ప్యాడ్, దాని మీద తమరి ఒత్తయిన కుచ్చు. ఇక తలుపు ఎటు తిరగాలి? పరిచినవాళ్లే తలుపులు ఊడదీసి, మళ్లీ వాళ్లే బలవంతంగా బిగించారు. అంటే చూశారు, తెలుసు. అడిగితే తలుపులు మా పని కాదన్నారు. షాపుకి ఫోన్ చేస్తే కాంట్రాక్టు వెనక పేజీ చదవమన్నారు. కార్పెంటర్‌ని పిలిస్తే, ఇవి లోపల బోలు తలుపులండీ, అడుగున చెక్క కాస్తే ఉంటుంది, ఎక్కువ కోస్తే లోపలి అట్ట బయటపడుతుంది, ప్యాడ్ పల్చనిది వేయించుకోండి అన్నాడు. మళ్లీ షాపు. ప్యాడ్ మారిస్తే వారంటీ పోతుందట! బాత్రూమ్ తలుపు పడదు, పడగ్గది తలుపు పడదు, ఇంట్లో పెళ్లీడు పిల్లలున్నారు, ఎవరిని అడగాలయ్యా నేను?

నీ చరిత్ర నాకు తెలుసులే. ఇక్కడి జార్జియా రాష్ట్రంలో డాల్టన్ అనే ఊరి దగ్గర 1895లో క్యాథరిన్ ఎవాన్స్ అనే పదిహేనేళ్ల పిల్ల చేత్తో కుచ్చులు కుట్టి ఒక దుప్పటి చేసింది. మంచం మీద వేసుకోవడానికి. ఆ పిల్ల తప్పేం లేదు. తర్వాత మెషీన్లు వచ్చాయి, దుప్పటి మంచం దిగి నేలంతా పాకింది, ఊరంతా మిల్లులయ్యాయి, చివరికి నా దేవుడి గది మూసుకుపోయింది. మా ఏలూరు తివాచీకి ఎంత పేరున్నా గోడల దాకా పోదు. వరంగల్ జంపఖానాని చుట్టి మూలన నిలబెట్టొచ్చు, దండెం మీదేసి కర్రతో బాదొచ్చు. నిన్ను బాదడానికి కూడా వీల్లేదు, గోడ చుట్టూ మేకుల పట్టీలకు కరుచుకుని ఉన్నావు.

మా అమ్మ మాత్రం పొద్దుటి నుంచి నీ మీదే కాళ్లు చాపుకుని కూర్చుంది. మోకాళ్లకి హాయిగా ఉందిరా, మంచం ఎందుకింక అంటోంది. ఆవిణ్ణి కూడా బుట్టలో వేసుకున్నావన్నమాట.

అందుకే నిన్ను పీకించడం లేదు. తలుపులే పీకేస్తున్నాను. క్లోజెట్‌కి కర్టెన్ కడతాను, బాత్రూమ్‌లో ఉన్నవాళ్లు దగ్గుతూ ఉంటారు. కొన్నాళ్లు మాత్రం ఎవరూ మా ఇంటికి పెళ్లిచూపులకు రాకుండా చూడు. అదొక్కటి చేసిపెట్టు చాలు.

ఇట్లు,
తలుపుల్లేని ఇంటికి కిస్తీ కడుతున్నవాడు