ధనత్రయోదశి కథకు తరుగు మాఫీ

తెలుగు రచయిత్రి భండారు అచ్చమాంబ గారిని మహారాష్ట్రలోని మా సిరొంచలో తెలుగు సంఘంవారు దీపావళి ముందు కనిపెట్టారు. కనిపెట్టినవారికి శాలువాలు కప్పారు. ఫ్లెక్సీ మీద అధ్యక్షులవారు నిలువెత్తున ఉన్నారు. ఆవిడ ఒక మూలన, తపాలా బిళ్లంత.

'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే స్త్రీల జీవితచరిత్రల పుస్తకం రాసిన మనిషిగా ఆవిడ పేరు పెద్దలకు ఎప్పుడూ తెలుసు. 1902లో 'హిందూ సుందరి' పత్రికలో వచ్చిన 'ధనత్రయోదశి' కథే ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు పట్టింది, టైటిల్ పుణ్యమా అని. మహారాష్ట్రలో ధన్‌తేరస్ అంటే బంగారం కదా! ఒక నగల కొట్టు వెంటనే స్పాన్సర్‌గా దొరికింది.

వక్త గారు మైకు అందుకుని, "పండగ పూట ఆడపడుచులు బంగారం కొనుక్కోవాలని ఆ తల్లి వందేళ్ల కిందటే బోధించింది" అన్నారు. చప్పట్లు. కొట్టు యజమాని కళ్లు తుడుచుకున్నాడు. కథ కాపీ తెచ్చినవాళ్లకు తరుగు మాఫీ అని అక్కడికక్కడే ప్రకటించాడు. జిరాక్స్ షాపు ముందు లైన్! తెలుగు సాహిత్యం కోసం జనం అలా తోసుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "సార్, మొదటి పేజీ చాలా, మొత్తం తేవాలా?" అని అడిగాడు.

ఇంతకీ కథేమిటంటే, మొగుడు దొంగసొమ్ము ఇంటికి తెస్తే పెళ్లాం ముట్టనంటుంది. తిరిగి ఇప్పించేదాకా ఊరుకోదు. ఆ ముక్క చెబుదామని లేచాను. "టైం లేదు, ఇంకా సన్మానాలున్నాయి" అని కూర్చోబెట్టారు.

నవ్వొస్తోందా? నాకు ఒళ్లు మండుతోంది. ఆవిడ బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర చదువుకుంది. 1905లో, ముప్ఫై ఏళ్లకే పోయింది. ఆ తర్వాత అయిదేళ్లకు, 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'ను తొలి తెలుగు కథ అని దశాబ్దాలపాటు బట్టీపట్టాం. ఈవిడ కథ అచ్చులోనే ఉంది, దాచిపెట్టిందేం కాదు. ఆడమనిషి రాసిందాంట్లో ఏముంటుందిలే అని పెద్దమనుషులెవరూ పేజీ తిప్పలేదు, అంతే! ఇప్పుడు తిప్పుదామన్నా మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. సభలో ఒక పిల్లను కథ చదవమంటే, "మరాఠీ అక్షరాల్లో రాసివ్వండి సార్" అంది. ఆ పిల్లకు ఈ సంఘం ఒక్క తెలుగు వాచకం కొనిచ్చిందా? శాలువాలు కొంది.

వచ్చే ఏడాది ఇంకో రచయితను కనిపెడతారట. చందాలు ఇప్పుడే మొదలయ్యాయి. రసీదు అడిగితే కోశాధికారి గారు నొచ్చుకున్నారు: "సాహిత్యానికి రసీదేంటి సార్?"