పులుల్ని లారీల్లో తెచ్చి వదిలారా? ఆ మెసేజ్ పంపేవాళ్లకు నాలుగు మాటలు

దోర్నాల, మార్కాపురం, గిద్దలూరు వైపు ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే గోల. అడవిలో తిండి లేక పులులూ చిరుతలూ మనుషుల్ని తినడానికి ఊళ్ల మీద పడ్డాయట, వాటిని అటవీశాఖ వాళ్లే లారీల్లో తెచ్చి వదిలారట, కాబట్టి కనిపిస్తే లేపేయాలట. దానికి తోడు ఓ టీవీ క్లిప్పు, వెనక ఢమఢమ మ్యూజిక్, ఎర్రక్షరాల్లో 'టెన్షన్ టెన్షన్'. ఏ ఊరో, ఏ వేళో మాత్రం ఉండదు.

ముందు లారీల సంగతి. దోర్నాల దాటితే నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు, 1983 నుంచీ ఉంది. అక్కడికి పులి రావడానికి లారీ ఎందుకు సామీ? రెండేళ్లు దాటిన మగపులి తల్లిని వదిలేసి సొంత చోటు కోసం ఎంత దూరమైనా నడుస్తుంది, ఆ నడకలో మన చేలూ రోడ్లూ రైలు పట్టాలూ అడ్డం వస్తాయి. పైగా ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, అడవిలో పెట్టిన కెమెరాల ఫొటోలతో దేన్ని దాన్ని గుర్తుపట్టి లెక్క రాస్తారు, కాబట్టి ఎక్కణ్ణుంచో తెచ్చి వదిలితే దాచడం కష్టం.

చిరుతల్ని ఒకచోట పట్టి ఇంకోచోట వదలడం మాత్రం ఉన్నదే. కానీ అలా చెయ్యమని గొడవ పెట్టేది మనమే, 'బోను పెట్టండి, పట్టుకుపోండి' అని. మహారాష్ట్రలోని జున్నర్‌లో అదే చేశారు. చిరుతల మీద పరిశోధన చేసే విద్యా ఆత్రేయ బృందం 2011లో లెక్క తీస్తే, మనుషుల మీద ఏడాదికి సగటున 4 ఉన్న దాడులు ఆ పని మొదలయ్యాక 17కి పెరిగాయని తేలింది.

ఇక తిండి లేక మనుషుల కోసం వస్తున్నాయన్నది. చికెన్ కొట్ల నుంచి ఈకలూ పేగులూ సంచుల్లో తెచ్చి ఊరి బయట వంకలో పారబోస్తాం. వాసనకి కుక్కలు చేరతాయి, పందులు చేరతాయి. చిరుతకి కావాల్సింది ఆ కుక్కే, మనిషి కాదు. ఉదయగిరి కొండల వైపు ఎలుగుబంటిదీ మనుషుల్ని వేటాడే జాతి కాదు, పండ్లూ చెదలూ తిని బతుకుతుంది, పొదల్లో ఎదురుపడ్డప్పుడు బెదిరి మీద పడుతుంది.

అలాగని ప్రమాదమే లేదని నేననను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత మన నెల్లూరు జిల్లా పాపని పొట్టన పెట్టుకుంది. ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టిన నోళ్లకి ఏం చెప్పాలో నాకు తెలీదు. దేవుడి దారే అయినా అది శేషాచలం అడవి మధ్య దారి. ఆ తర్వాత చిరుతల్ని పట్టారు, దాంతోపాటే మధ్యాహ్నం 2 దాటాక చిన్నపిల్లల్ని నడవనివ్వలేదు, గుంపులుగా పంపారు, చేతికి కర్రలిచ్చారు. అందరూ కర్రల మీద జోకులేసుకున్నారు గానీ వేళ మార్చడం గురించి మాట్లాడింది ఎందరు?

పాదముద్ర ఫొటోలు కూడా తెగ తిరుగుతున్నాయి. గోళ్ల గుర్తు స్పష్టంగా ఉంటే అది చాలావరకు కుక్కదో దుమ్ములగొండిదో. పులీ చిరుతా నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి.

చివరిది, లేపేయాలన్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులి, చిరుత, ఎలుగుబంటి మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిందనో, కోలుకోలేనంత గాయమో జబ్బో ఉందనో రాష్ట్ర వన్యప్రాణి విభాగం పెద్ద అధికారి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప చంపకూడదు, అదీ పట్టడానికి వీల్లేనప్పుడే. కరెంటు తీగలు పెట్టామంటారా, పందికని పెట్టిన తీగకి తెల్లారి నీళ్లు కట్టడానికి పోయిన రైతే బలైపోతాడు. గొడ్డుని చంపిందా, కళేబరాన్ని కదపకండి, దాని మీద పురుగుమందు చల్లకండి, అటవీ సిబ్బందిని పిలిచి పంచనామా రాయించుకోండి, నష్టపరిహారానికి అదే ఆధారం. ఆ క్లిప్పు ఫార్వర్డ్ చేసే వేలితో అటవీశాఖ రేంజి ఆఫీసు నంబరు సేవ్ చేసుకుంటే పని జరుగుతుంది.