పడిశం పట్టని మొనగాడు

తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధి వీధంతా ముక్కులు చీదుతున్నా నాకు మాత్రం పడిశం పట్టదు. ఇరవయ్యేళ్ళుగా నాకున్న ఏకైక బిరుదు ఇదే. పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని, తుండు భుజాన వేసుకుని, గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళకి సలహాలిచ్చేవాణ్ణి. "రాగి సంగటి తినండి సార్. నెలకోసారి అలిపిరి నుంచి నడిచి ఎక్కండి. 3,550 మెట్లు. ఏ వైరస్సయినా గాలిగోపురం దగ్గరే కూలబడిపోవాల్సిందే."

నేను ఆ మెట్లెక్కి నాలుగేళ్ళయింది. అది మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలీదు.

పోయిన డిసెంబరులో చిత్తూరులో మా అక్కావాళ్ళ గృహప్రవేశం. వడ్డించే కుర్రాళ్ళలో ఒకడు తుమ్మాడని బావ వాణ్ణి పక్కకి పంపేసి, నెయ్యి గిన్నె నా చేతికిచ్చాడు. "మా బామ్మర్దికి జలుబు గిలుబు రాదు" అని గర్వంగా చెప్పాడు కూడా. అంతకు రెండ్రోజుల ముందే ఆఫీసులో నా పక్క సీటాయన నా ఫైళ్ళ మీద హోరుగా తుమ్ముతున్నాడు. నేను లెక్కచేస్తానా? నాలుగు బంతులకీ నెయ్యి వేశాను. వేస్తూ వేస్తూ, ఒక్కొక్కరి చెవి దగ్గరా వంగి నా ఆరోగ్య రహస్యం చెప్పాను.

మూడో రోజు ఫోన్లు మొదలయ్యాయి. అక్కకి పడిశం, బావకి పడిశం. పురోహితుడిగారికి గొంతు పోయి, ఆ తర్వాత ఆయన చేయించాల్సిన పెళ్ళిలో మంత్రాలు ఇంకొకరు చదివారట. ఇక్కడ మా ఇంట్లో అమ్మ, మా ఆవిడ, రేణిగుంటలో పనిచేస్తూ మాతోనే ఉంటున్న మా బావమరిది, ముగ్గురూ మూడు దుప్పట్లు. వాళ్ళకి వేడివేడి మిరియాల చారు, నెయ్యి వేసిన అన్నం, నీలగిరి తైలంతో ఆవిరి. నాకేమో అంట్లు, పాల ప్యాకెట్లు, మందుల షాపు. ఆరోగ్యవంతుడి బతుకు ఎంత నికృష్టమో అప్పుడు తెలిసింది.

ఆదివారం మా మేనకోడలు వచ్చింది. ఇక్కడే ఎంబీబీఎస్ చదువుతోంది. గుమ్మంలోనే మాస్కు పెట్టుకుంది.

"చూశావా పాపా, ఇంతమందిలో నాకొక్కడికే రాలేదు" అన్నాను.

"రాలేదని ఎవరన్నారు మామా? వైరస్ ఒంట్లోకి వచ్చినా కొందరికి ముక్కు కారదు, తుమ్ము రాదు. ఆ కారడం, తుమ్మడం చాలావరకు మన ఒళ్ళు చేసే హడావుడే. హడావుడి లేనివాళ్ళు కూడా పక్కవాళ్ళకి అంటించగలరు. నెయ్యి ఎవరు వడ్డించారు?"

దుప్పట్లన్నీ ఒకేసారి నావైపు తిరిగాయి.

నేను మాట మార్చాలని, అసలు కొందరికి ఎందుకు రాదు అని అడిగాను. అది పెద్ద పొరపాటు. ఇంగ్లండులో సాలిస్‌బరీ దగ్గర 1946 నుంచి 1989 దాకా పడిశం కోసమే ఒక పరిశోధన కేంద్రం నడిచిందట. కోరి వచ్చినవాళ్ళ ముక్కుల్లో వైరస్ చుక్కలు వేస్తే, అందరికీ జలుబు చేసేది కాదట. పైగా తిండీ బసా ఉచితం. నేను తప్పు దేశంలో పుట్టాను.

పాప చెప్పుకుంటూ పోయింది. ఇంతకుముందు వచ్చిన రకమే మళ్ళీ వస్తే ఒళ్ళు గుర్తుపడుతుంది గానీ, జలుబు తెచ్చే రైనోవైరస్‌లే 160కి పైగా రకాలు. కొందరి ముక్కులో కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే కబురు వెంటనే పంపి, చుట్టుపక్కల కణాలు తలుపులేసుకునేలా చేస్తాయి. ఇక వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఉంది. పేగుల్లో కణాల మీద ఒక రకం చక్కెర గుర్తు ఉంటేనే అందులో చాలా రకాలు లోపలికి రాగలవు. కొందరికి పుట్టుకతోనే ఆ గుర్తు ఉండదు. "టోకెన్ లేకుండా క్యూ కాంప్లెక్స్ బయట నిలబడ్డ భక్తుడి గతే దానికి కూడా" అంది.

"నాది ఇందులో ఏ రకం?"

"నువ్వు రాత్రి ఎంతసేపు నిద్రపోతావు మామా?"

"తొమ్మిదిన్నరకి పడుకుంటే ఆరింటిదాకా కదలను" అన్నాను ఛాతీ విరుచుకుని.

"అదీ ఒక కారణం కావచ్చు. 2009లో అమెరికాలో ఇలాగే ముక్కులో చుక్కలు వేసి చూశారు. 8 గంటలు నిద్రపోయేవాళ్ళకంటే, 7 గంటల లోపు పడుకునేవాళ్ళకి జలుబు దాదాపు 3 రెట్లు ఎక్కువగా వచ్చింది."

మా ఆవిడ దుప్పట్లోంచి తల బయటపెట్టింది. "ఈయన గురకకి మేము రాత్రికి నాలుగు గంటలు పడుకుంటే గొప్ప."

వైరస్ నాదే. నిద్ర చెడగొట్టిందీ నేనే. బావమరిది ఏమీ అనలేదు, ఒక్క తుమ్ము తుమ్మి ఊరుకున్నాడు. తీర్పు అమ్మ చెప్పింది. "అబ్బోడా, చాప తీసుకుని మిద్దెక్కు."

మూడు రాత్రులు దోమలతో మిద్దె మీద గడిపాను. కింద అందరూ హాయిగా నిద్రపోయి తేరుకున్నారు. నాలుగో రోజు పొద్దున నా కంచం తీసుకుందామని వంటింట్లోకి అడుగు పెట్టానో లేదో, పోపులో ఎండుమిరపకాయ మాడి ముక్కు పుటాలు అదిరేలా తుమ్ము వచ్చింది.

ఇల్లంతా పరిగెత్తుకొచ్చింది. అమ్మ కళ్ళలో ఎన్నడూ లేని ఆనందం. "చిరంజీవ! వచ్చిందిరా నీక్కూడా!" బావమరిది కుర్చీ వేశాడు. మా ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. పెళ్ళయిన కొత్తలో పెట్టింది, మళ్ళీ ఇప్పుడే.

పోపు ఘాటని చెప్పబోయాను. అప్పటికే గ్లాసులో మిరియాల చారు పొగలు కక్కుతోంది. పక్కన నెయ్యి గిన్నె.

గట్టిగా ఇంకోసారి తుమ్మాను.