ఆకస్మిక ఆనందం: మధ్యాహ్నం 2.15 నుంచి 2.45 వరకు

ఢిల్లీలో ప్రణాళికా సంఘాన్ని ఎత్తేసి 2015 జనవరిలో నీతి ఆయోగ్ పెట్టారని పత్రికలన్నీ రాశాయి. నమ్మకండి. సంఘం చావలేదు. హెచ్1బీ తెచ్చుకుని, డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కుని, ఇప్పుడు ఒక బావగారి లాప్‌టాప్‌లో ‘ఓర్లాండో ఫైనల్ వెర్షన్ 14’ అనే ఎక్సెల్ షీటుగా వర్ధిల్లుతోంది.

ఆ షీటు, అంటే కుటుంబమంతా కలిసి ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కి వెళ్ళే యాత్రకి వేసిన టైమ్‌టేబుల్, మీరూ చూసే ఉంటారు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో మూడు నెలల ముందు నుంచే తిరుగుతుంది. ఎడమ పక్కన టైము, పావుగంటకో గడి. పచ్చ రంగు రైడ్లు, పసుపు తిండి, నీలం నడక, బూడిద రంగు బాత్‌రూమ్. బాత్‌రూమ్‌కి రోజుకు రెండే గళ్ళు, 10.45కి ఒకటి, 5.30కి ఒకటి. అంతకు మించి అవసరం పడేవాళ్ళు ముందురోజు రాత్రిలోగా విన్నవించుకోవాలి. ఇదంతా చదివి కళ్ళు నొప్పెట్టి కిందికి దిగితే, గులాబీ రంగులో అసలు గడి తగులుతుంది: ‘ఆకస్మిక ఆనందం, 2.15 నుంచి 2.45 వరకు.’ పక్కన రిమార్కు: ‘వెనకబడితే రద్దు.’

ఈ గడి మీద ఎవరైనా పీహెచ్‌డీ చేయాలి. పిల్లాడికి 2.05కే ఆనందం వచ్చేస్తే ఆపుకోవాలా? 2.45కి ఇంకా కాస్త మిగిలిపోతే డబ్బాలో పెట్టుకుని హోటల్‌కి తీసుకెళ్ళొచ్చా? ఆరుగురిలో ఇద్దరికే వస్తే మిగతావాళ్ళు ఆ అరగంటా ఏ రంగు గడిలో నిలబడాలి? షీటు సమాధానం చెప్పదు. షీటు ఎవరికీ జవాబుదారీ కాదు.

బావగారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే కళ్ళు పోతాయి. డిస్నీ వరల్డ్ చేతులూపుకుంటూ వెళ్ళే చోటు కాదు. 1971 అక్టోబరు 1న ఒకే ఒక్క పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలైంది. 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అంటున్నది, 1998లో యానిమల్ కింగ్‌డమ్ తోడయ్యాయి. టికెట్టు ధర తేదీని బట్టి మారుతుంది. పేరున్న రెస్టారెంట్లలో టేబుల్ 60 రోజుల ముందే పట్టుకోవాలి. పట్టుకుని వెళ్ళకపోయినా, 2 గంటల ముందులోపు రద్దు చేయకపోయినా చాలాచోట్ల మనిషికి 10 డాలర్లు గుంజుతారు. ఇక పెద్ద క్యూ తప్పించుకోవాలంటే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అనేది డబ్బు పెట్టి కొని, మూడు రైడ్లకు ముందే టైము తీసుకోవాలి. డిస్నీ హోటల్లో దిగేవాళ్ళకు 7 రోజుల ముందు, పక్క ఊరు కిస్సిమ్మీలో విల్లా తీసుకునే మనబోటివాళ్ళకు 3 రోజుల ముందు, ఉదయం సరిగ్గా 7 గంటలకు తలుపు తెరుచుకుంటుంది.

ఆ 7 గంటలు ఓర్లాండోవి. డాలస్‌లో 6. కాలిఫోర్నియా తోడల్లుడికి తెల్లవారుజామున 4, అంటే బ్రహ్మముహూర్తం. వేసవిలో హైదరాబాద్‌లో సాయంత్రం 4.30. బావగారు ముగ్గుర్నీ లేపుతారు. హైదరాబాద్ బావమరిదికి ఈ యాత్రతో సంబంధం లేదు, అతను ఆఫీసులో టీ తాగుతున్నాడు. అయినా ‘ఇండియాలో నెట్ బావుంటుంది’ అనే సిద్ధాంతం మీద అతని ఫోన్లోనూ లాగిన్ చేయించారు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే ఉదయం మనిళ్ళలో ఎంత నిశ్శబ్దం ఉంటుందో అంత నిశ్శబ్దం ఇక్కడా. ఓర్లాండో లెక్కన 6.58కి వదిన స్టవ్ మీద పాలు పెట్టబోతే ‘ఇప్పుడొద్దు’ అన్నారు. పాలకీ వైఫైకీ సంబంధమేమిటని ఆవిడ అడగలేదు. కాపురం కదా. 6.59కి ఫోన్ కాన్ఫరెన్సులో ముగ్గురూ సెకన్లు లెక్కపెడుతున్నారు, ఒకరి గడియారం ఒకరికి కలవదు. 7 కొట్టింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగింది. కాలిఫోర్నియా నుంచి ‘వచ్చింది, వచ్చింది’ అని కేక. ‘ఏమొచ్చింది?’ ‘ఓటీపీ.’ ఆ ఓటీపీ డాలస్‌లో మళ్ళీ లాగిన్ అయిన వదిన ఫోనుకి సంబంధించింది. ముగ్గురూ ఒకే ఖాతాలో దూరి ఒకరు ఎంచుకున్నదాన్ని ఒకరు చెరుపుకుంటున్నారని తెలిసేసరికి 7.09. బావగారు 10.10కి కోరుకున్న పీటర్ పాన్స్ ఫ్లైట్ రైడ్ 1.25కి దొరికింది. మొత్తం షీటు మూడు గంటల పదిహేను నిమిషాలు కిందికి జరిగింది. భోజనం సాయంత్రం 4కి పడింది. ఆకస్మిక ఆనందం 5.30కి వెళ్ళి బాత్‌రూమ్ గడి మీద కూర్చుంది. వెర్షన్ 15 వెలువడింది.

ఇంత యాగం చేసి బావగారు అసలు కిటుకు మాత్రం పట్టుకోరు. మూడు టైముల్నీ 11కి ఒకటి, 2కి ఒకటి, 5కి ఒకటి అని రోజంతా పరుస్తారు, చూడ్డానికి బావుంటుందని. ముందు తీసుకున్నవాటిలో ఒకటి వాడాకే నాలుగోది తీసుకోనిస్తారు. మొదటిది 11కి పెట్టుకున్నవాడు 11 దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. మూడూ పొద్దున్నే, 9.30కీ 10.30కీ 11.30కీ దొరికినంత దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్కటి వాడగానే తర్వాతది పట్టుకోవాలి. దొరకలేదా, కంగారు పడనక్కర్లేదు. రోజంతా జనం మార్చుకుంటూ, వదులుకుంటూ ఉంటారు. కాసేపాగి తెరను కిందికి లాగి చూస్తే మంచి టైము బయటపడుతుంది. ఇది షీటులో రాయలేని విద్య కాబట్టి బావగారి దృష్టిలో అవిద్య.

షీటు తొలి హత్య పార్కింగులో జరుగుతుంది. ‘8.30 పార్కింగ్, 8.40 గేటు’ అని రాసుంటుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి గేటు పక్కన పార్కింగ్ లేదు. కారు సరస్సుకి ఇవతల ఆపాలి, ట్రామ్ ఎక్కాలి, సంచులు తనిఖీ చేయించుకోవాలి, ఆ తర్వాత మోనోరైలో పడవో ఎక్కి అవతలికి చేరాలి. పిల్లల బండితో ముప్పావుగంట వేసుకోవాలి. ఆవకాయ గాజుసీసాలో తెచ్చి ఉంటే ఇంకో పది నిమిషాలు, ఎందుకంటే గాజు లోపలికి రానివ్వరు. పులిహోర, చపాతీలు, పెరుగన్నం హాయిగా రానిస్తారు, కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. కూలర్లో విడి ఐసుముక్కలు కూడా కుదరవు, గడ్డకట్టించిన జెల్ ప్యాక్‌లు పెట్టుకోవాలి.

చెమటలు కక్కుతూ 9కి గేటు తెరిచే వేళకు చేరారనుకోండి. డిస్నీ హోటళ్ళలో దిగినవాళ్ళను అరగంట ముందే, పార్కులో భాగాలైన ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్‌లలోకి వదిలేశారు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ రైడ్ ముందు అప్పటికే క్యూ కట్టేసింది. బయటి హోటల్ జనం ఆ క్యూ వైపే ఎందుకు పరిగెత్తుతారో భగవంతుడికే తెలియాలి. 9 దాకా ఎవ్వర్నీ వదలని అడ్వెంచర్‌ల్యాండ్ ఎడమ చేతి వైపు ఖాళీగా ఉంటుంది. అటు తిరిగితే జంగిల్ క్రూజ్ మొదటి పడవల్లోనే చోటు.

ఇక ఎత్తు. సెవెన్ డ్వార్ఫ్స్‌కి 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్‌కి 48. బావగారి చిన్నోడు 37న్నర. షీటులో 38 అని గుండ్రం చేశారు. సాఫ్ట్‌వేరులో అది చెల్లుతుంది, కొలకర్ర దగ్గర చెల్లదు. క్యూ మొదట్లో కొలిచినమ్మాయి నవ్వుతూ తల ఊపితే, బావగారు పిల్లాడి జుట్టు పైకి దువ్వుతారు. ఈ గొడవ లేకుండా రైడర్ స్విచ్ అడగొచ్చు: ఒకరు పిల్లాడితో బయట ఉండి, మిగతావాళ్ళు దిగాక మళ్ళీ పెద్ద క్యూలో నిలబడకుండా ఎక్కుతారు. డబ్బు కట్టక్కర్లేదు. అడిగితే చాలు. బావగారు అడగరు, ఆ గడి లేదు.

‘అక్కడికెళ్ళి చూద్దాంలే’ పార్టీ మీద ఎక్కువ సిరా ఖర్చు పెట్టను. ఇడ్లీలు తిని 10.30కి బయల్దేరి, పావు తక్కువ పన్నెండుకి గేటు చేరి, సాయంత్రానికి మూడు రైడ్లెక్కి, ‘ఇంతేనా, మన వండర్‌లానే నయం’ అని తిరిగొచ్చే రకం. వాళ్ళ వల్ల వాళ్ళకు తప్ప ఎవరికీ నష్టం లేదు.

షీటు వల్ల మాత్రం అమ్మమ్మకు నష్టం.

మధ్యాహ్నం 2 గంటలు, జూన్ నెల, 33 డిగ్రీలు, ఒళ్ళంతా జిగట. మనవాళ్ళు అమ్మానాన్నల్ని రప్పించేది మే నుంచి ఆగస్టులోపే, పిల్లలకు సెలవులని. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి, పొద్దుట్నుంచి పన్నెండు వేల అడుగులు వేసింది. నీడలో బెంచీ కనిపించింది. ‘కాసేపు కూర్చోనివ్వవే’ అంది కూతురితో. కూతురు మొగుడి మొహం చూసింది. మొగుడు ఫోను చూశాడు. 2.05 స్లాటు పార్కుకి ఆ చివర. ‘ఇంకొక్కటే అత్తయ్యగారూ, నడుస్తూ నడుస్తూ వెళ్దాం’ అన్నాడు. నడుస్తూ కాక పాకుతూ వెళ్తారటయ్యా? ఆ స్లాటుకి గంట గడువుంది. 3.05 దాకా ఎప్పుడు వెళ్ళినా చెల్లుతుంది. గేటు దగ్గర చక్రాల కుర్చీ అద్దెకి దొరుకుతుంది, తొలి ఖర్చుగా అది తీసుకోవాలని నీ పదిహేను వెర్షన్లలో ఒక్కదానికీ తోచలేదు. కౌంటర్లో అడిగితే చల్లటి నీళ్ళు గ్లాసుడు ఊరికే ఇస్తారు, అదీ రాయలేదు. ఆవిడ రైడ్లు లెక్కపెట్టుకోవడానికి రోజంతా విమానంలో ముడుచుకుని రాలేదు. మనవడి పక్కన కూర్చోడానికొచ్చింది. ఆ కూర్చోవడమే నీ షీటులో లేదు.

ఈ హడావిడంతా బావగారు పుట్టించింది కాదు, అదీ నిజమే. 1999లో డిస్నీ ఫాస్ట్‌పాస్ పెట్టినప్పుడు అది ఉచితం. 2021 అక్టోబరులో దాని స్థానంలో మనిషికి రోజుకు 15 డాలర్ల జీనీ ప్లస్ వచ్చింది. 2024 జులైలో పేరు మార్చి మల్టీ పాస్ అన్నారు, రద్దీ రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌కి ఆ ధర రెట్టింపు దాటింది. ఆరుగురున్న ఇంటికి రోజుకు 200 డాలర్ల పైనే, అదీ టికెట్టు కాక. ఒకటి రెండు పెద్ద రైడ్లకు మళ్ళీ విడిగా. ఏ టైమూ పట్టుకోకుండా ఇష్టం వచ్చినప్పుడు వెళ్తానంటారా, దానికీ 2024 చివర్లో ప్రీమియర్ పాస్ పెట్టారు, మనిషికి రోజుకు వందల డాలర్లు. అంటే మనసుకు తోచినట్టు తిరగడమే ఇప్పుడు అన్నిటికన్నా ఖరీదైన సరుకు. రెండు క్యూలు కలిసే చోట డబ్బు కట్టినవాళ్ళను ఎక్కువమందిని వదులుతారు, కట్టనివాళ్ళు అంత ఆలస్యంగా కదులుతారు. ఆ ఆలస్యం చూసి మరునాడు వాళ్ళూ కొంటారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో టామ్ సాయర్ ఐలాండ్ అని ఒక దీవి ఉండేది, 1973 నుంచి. తెప్ప మీద వెళ్ళి గుహల్లో, వంతెనల మీద పిల్లలు ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చు. స్లాటు లేదు, కొలకర్ర లేదు, అమ్మడానికి ఏమీ లేదు. 2025 జులైలో మూసేశారు, కొత్త రైడ్లు కట్టడానికి. వేళాపాళా లేని చోటొకటి మిగిలితే అదీ కళ్ళల్లో పడింది!

కోపం ఎక్కువైంది, పని మాటలు చెప్పుకుందాం. పొద్దున 9 నుంచి 12.30 దాకా బావగారిదే రాజ్యం, ఎవరూ నోరెత్తకూడదు. ఆ మూడున్నర గంటల్లో జరిగినంత పని తర్వాతి ఆరు గంటల్లో జరగదు. 1 నుంచి 4 దాకా ఏమీ పెట్టొద్దు. గది దగ్గరైతే వెళ్ళి పడుకోండి, సాయంత్రం స్లాట్లు మంచం మీద నుంచే తీసుకోవచ్చు. గది దూరమైతే చల్లటి హాళ్ళున్నాయి, మరమ్మతులకు మూయకపోతే. హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్‌లో సుమారు 25 నిమిషాలు, అమెరికా అధ్యక్షుల బొమ్మలన్నీ ఎదురుగా కొలువుతీరితే అమ్మమ్మ నోరు తెరుచుకుని నిద్రపోవచ్చు, ఏ అధ్యక్షుడూ ఏమీ అనుకోడు. కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌లో ఇంకో 20 నిమిషాలు. వేసవి మధ్యాహ్నాల్లో ఎలాగూ ఉరుములతో వాన పడుతుంది, మెరుపులొస్తే బయటి రైడ్లన్నీ ఆపేస్తారు. వాన పడగానే చాలామంది ఇంటిదారి పడతారు. డాలర్ షాపులో ముందే కొన్న ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు సంచిలో ఉన్నవాళ్ళు అప్పుడు రాజాలు. ముందుగా తీసుకున్న రైడ్ ఆగిపోయినా పాస్ పోదు, తర్వాత వాడుకోనిస్తారు.

యానిమల్ కింగ్‌డమ్ లాడ్జి అనే డిస్నీ హోటల్లో సనా అనే రెస్టారెంట్ ఉంది. వేడి నాన్‌లు, గిన్నెల్లో రకరకాల పచ్చళ్ళు, మన శాకాహారులకు అదొక పుణ్యక్షేత్రం. కిటికీ అద్దం అవతల గడ్డిలో జిరాఫీలు తిరుగుతుంటాయి. చిన్నోడు ‘నాన్నా, నాన్నా’ అని చొక్కా లాగుతున్నాడు. జిరాఫీ అద్దానికి దగ్గరగా వచ్చి మెడ వంచింది. బావగారు తలెత్తకుండా ‘వన్ మినిట్’ అన్నారు, మర్నాటి 7 గంటల స్లాట్లకి అలారం పెట్టుకుంటున్నారు.

చివరి గంట సంగతి కూడా చెప్పాలి. మూసే టైముకి ఒక్క నిమిషం ముందు క్యూలో నిలబడినా రైడ్ ఎక్కనిస్తారు. బాణాసంచా అయ్యాక చిన్నపిల్లల వాళ్ళంతా వెళ్ళిపోతారు, పగలు గంటన్నర పట్టిన క్యూలు బాగా తగ్గుతాయి, పాస్ కొననివాళ్ళకు కూడా. బావగారు మాత్రం ట్రామ్ రద్దీ తప్పించాలని బాణాసంచాకి పావుగంట ముందే అందర్నీ గేటు దాటించేశారు. పార్కింగులో కారు ఏ వరసలో పెట్టారో వెతకడానికి నలభై నిమిషాలు పట్టింది. షీటులో ఆ నంబరు రాయలేదట.