ఓవర్‌డోస్ మరణాల్లో డీలర్ నేరం ఎంత?

1986 జూన్ 19న లెన్ బయాస్ చనిపోయాడు. వయసు 22. మేరీలాండ్ విశ్వవిద్యాలయం తరఫున బాస్కెట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్న కుర్రాడు. బోస్టన్ సెల్టిక్స్ జట్టు అతన్ని ఎంచుకుని అప్పటికి రెండు రోజులే అయింది. కొకైన్ వల్ల గుండె ఆగిపోయింది. ఆ చావు రేపిన ఆగ్రహంలో అమెరికా కాంగ్రెస్ అదే ఏడాది అక్టోబరు నాటికి మాదకద్రవ్యాల చట్టాన్ని కఠినం చేసేసింది. ఇచ్చిన మత్తుమందు వల్ల మనిషి చనిపోతే ఇచ్చినవాడికి కనీసం 20 ఏళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. బయాస్‌కు కొకైన్ ఇచ్చాడన్న అభియోగం ఎదుర్కొన్న స్నేహితుణ్ని 1987లో జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. చట్టం మాత్రం నిలిచిపోయింది.

దేశమంతటికీ వర్తించే ఈ ఫెడరల్ చట్టంతో పాటు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఇలాంటి సొంత చట్టాలున్నాయి. కొన్నిచోట్ల దీన్ని హత్యగానే చూస్తారు. ఫెంటనిల్ అనే అతి బలమైన కృత్రిమ మత్తుమందు వచ్చాక వీటి వాడకం బాగా పెరిగింది. 2021 నుంచి 2023 దాకా వరుసగా మూడేళ్లు అమెరికాలో ఏటా లక్ష మందికి పైగా ఓవర్‌డోస్‌తో చనిపోయారు. ‘నా బిడ్డ చావుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా’ అని తల్లిదండ్రులు అడిగితే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? నాకైతే రాదు. జవాబు చెప్పాల్సిందే. కానీ ఎవరు, దేనికి చెప్పాలన్న దగ్గర ఈ చట్టాలు దారి తప్పాయని నా అభిప్రాయం. ఇచ్చినవాడికి ఏం తెలుసు, తెలిసి ఏం చేశాడు అన్నది చూసి నేరాన్ని తూచాలి. వీటిలో చాలావరకు మనిషి పోయాడా లేదా అన్నదే చూస్తున్నాయి.

ఫెడరల్ చట్టాన్నే తీసుకోండి. ప్రాణం పోతుందని నిందితుడికి తెలుసా, కనీసం ఊహించగలిగాడా అని అది అడగదు. పైగా ‘పంపిణీ’ అంటే డబ్బుకు అమ్మడమే కానక్కర్లేదు, చేతికివ్వడం చాలు. ఇద్దరు స్నేహితులు చెరి సగం డబ్బు వేసుకున్నారు. ఒకడు వెళ్లి తెచ్చాడు. ఇద్దరూ తీసుకున్నారు, ఒకడు మళ్లీ లేవలేదు. మిగిలినవాడు పంపిణీదారుగా బోనెక్కవచ్చు. అదే ఇద్దరూ కలిసి వెళ్లి కొని ఉంటే, అది ఉమ్మడిగా దగ్గర పెట్టుకోవడమే తప్ప పంపిణీ కాదని 1977 నాటి స్విడర్‌స్కీ తీర్పును చూపించి వాదించుకోవచ్చు. వ్యసనం ఒక్కటే, పొట్లం ఒక్కటే. ఎవరు నడిచి వెళ్లారన్నదాన్ని బట్టి ఇరవై ఏళ్ల తేడా!

ఇది ఊహల్లోని ఉదాహరణ కాదు. ఇలాంటి కేసుల్లో నిందితులుగా స్నేహితులు, ప్రేమికులు, అన్నదమ్ములు తరచూ కనిపిస్తారు. కారణం తేలికే. చనిపోయినవాడి ఫోన్‌లో ఆఖరి మెసేజ్ ఎవరిదో చూస్తే పోలీసుల పని సగం అయిపోతుంది. ఆ పొట్లానికి నాలుగు చేతుల అవతల ఉన్న టోకు వ్యాపారి దాకా వెళ్లడానికి నెలలు పడుతుంది, సాక్ష్యం దొరుకుతుందన్న భరోసా కూడా ఉండదు.

కోర్టులు కొంత పగ్గం వేశాయి. 2014లో బరేజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. అయోవాలో ఒక వ్యక్తి రకరకాల మందులు తీసుకుని చనిపోయాడు, వాటిలో హెరాయిన్ ఒకటి. హెరాయిన్ తీసుకోకపోతే బతికేవాడా అంటే సాక్ష్యం చెప్పిన నిపుణులెవరూ అవునని అనలేకపోయారు. చావుకు హెరాయిన్ తోడ్పడిందంటే చాలదనీ, అది లేకపోతే ఆ చావు జరిగేదే కాదని సందేహానికి తావులేకుండా రుజువు చేయాలనీ జస్టిస్ స్కాలియా రాశారు. అయితే హెరాయిన్ కన్నా దాదాపు 50 రెట్లు బలమైన ఫెంటనిల్ ఆ రుజువును మళ్లీ తేలిక చేసింది. రెండు మిల్లీగ్రాములే ప్రాణం తీయగల మందు రక్తంలో దొరికితే నిపుణుడు తడుముకోవాల్సిన పని తక్కువ. చావుకు కారణమేమిటో తేలుతుంది సరే, ఇచ్చినవాడి మనసులో ఏముందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

బ్రిటన్ ఇంకో దారిలో వెళ్లింది. ఒకతను హెరాయిన్ సిరంజి సిద్ధం చేసి ఇచ్చాడు, తీసుకున్నవాడు తనకు తానే పొడుచుకుని చనిపోయాడు. కెనడీ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 2007లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ నరహత్య శిక్షను కొట్టేసింది. పూర్తిగా తెలిసిన, బాధ్యత ఎరిగిన పెద్ద మనిషి తన ఇష్టంతో తీసుకుంటే, ఆ చావును ఇచ్చినవాడి మెడకు చుట్టలేమని చెప్పింది. వ్యసనంలో ఉన్నవాడి ‘ఇష్టం’ ఎంత స్వేచ్ఛగా ఉంటుందని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. నాకు మాత్రం ఆ తీర్పులో ‘పూర్తిగా తెలిసిన’ అన్న షరతే అసలు తాళంచెవిగా కనిపిస్తుంది.

ఎందుకంటే ఇవాళ చనిపోతున్నవారిలో ఎందరికో తామేం మింగుతున్నారో తెలియదు. నొప్పి మందు ఆక్సికోడోన్ అని చెప్పి అమ్మే నీలం మాత్రలో ఉండేది ఫెంటనిల్. అది తెలిసి కూడా అమ్మినవాడు కొన్నవాడి చేతిలోంచి నిర్ణయాన్నే లాగేసుకున్నాడు. అక్కడ ‘వాడిష్టంతో వాడు తీసుకున్నాడు’ అన్న వాదన చెల్లదు. 2018లో ర్యాపర్ మాక్ మిల్లర్ 26 ఏళ్లకే చనిపోయింది ఇలాంటి నకిలీ మాత్రల వల్లే. వాటిలో ఫెంటనిల్ గానీ మరో నిషిద్ధ మత్తుమందు గానీ ఉందని తెలిసి సరఫరా చేసినట్టు ఒప్పుకున్నవాడికి 2022లో 17 ఏళ్లకు పైగా శిక్ష పడింది. అదీ ‘మరణానికి దారితీసిన పంపిణీ’ అనే సెక్షన్ కింద కాదు, ఫెంటనిల్ పంపిణీ నేరం కిందే. 20 ఏళ్ల కనీస శిక్ష లేకపోతే డీలర్లు తప్పించుకుంటారన్న వాదనకు ఈ ఒక్క కేసే సమాధానం.

2024 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 36వ ప్రతిపాదనలో ఒక మంచి ఆలోచన ఉంది. కొన్ని ప్రమాదకర మత్తుమందుల అమ్మకం కేసులో శిక్ష పడినవాడికి న్యాయమూర్తి హెచ్చరిక వినిపిస్తారు: మళ్లీ అమ్మితే, దానివల్ల ఎవరైనా చనిపోతే హత్యానేరం మోపవచ్చని. ఆ చట్టంలోని మిగతా కఠిన నిబంధనలతో నాకు పేచీ ఉంది. ఈ హెచ్చరిక మాత్రం నేరాన్ని తెలివిడితో ముడిపెడుతోంది.

ఈ కేసులు పెరిగితే అమ్మకాలు తగ్గుతాయన్న ఆశ కూడా నిలబడటం లేదు. ఇండియానాపోలిస్‌లో 2020, 2021 సంవత్సరాల లెక్కలు తీసి చూసిన పరిశోధకులకు, పోలీసులు ఓపియాయిడ్లు (హెరాయిన్, ఫెంటనిల్ లాంటి మత్తుమందులు) పట్టుకున్న తర్వాతి రోజుల్లో ఆ చుట్టుపక్కల ఓవర్‌డోస్‌లు పెరిగినట్టు తేలింది. అలవాటైన డీలర్ పోతే వ్యసనం పోదు. ఎంత బలమైనదో తెలియని సరుకు కోసం కొత్తవాడి దగ్గరికి వెళ్తారు.

ఇంకో సంగతి నన్ను మరీ బాధిస్తుంది. 2007లో ఓపియాయిడ్ మాత్రల కంపెనీ పర్డ్యూ, తన నొప్పి మందు ఆక్సికాంటిన్ వల్ల వ్యసనమయ్యే ముప్పును తగ్గించి చెప్పినట్టు నేరం ఒప్పుకుంది. ముగ్గురు ఉన్నతాధికారులు కూడా ఒప్పుకున్నారు, ఒక్కరూ జైలుకు వెళ్లలేదు. 2020లో కంపెనీ మళ్లీ ఫెడరల్ నేరాలు ఒప్పుకుంది. యజమానులైన శాక్లర్ కుటుంబంలో ఎవరి మీదా క్రిమినల్ కేసు పడలేదు. బాధితుల దావాల నుంచి ఆ కుటుంబానికి రక్షణ కల్పించే ఒప్పందాన్ని 2024లో సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి డబ్బు విషయంలోనైనా లెక్క మళ్లీ తెరుచుకుంది. పొట్లం పంచుకున్న స్నేహితుడికి ఇరవై ఏళ్లు వేసే దేశం ఇదే.

అన్నిటికన్నా ముందు మార్చాల్సింది మాత్రం ఫోన్ చేసేవాడి పరిస్థితి. ఫెంటనిల్ ఊపిరిని ఆపేస్తుంది. దానికి విరుగుడైన నలోక్సోన్ పడితే నిమిషాల్లో మనిషి తేరుకోవచ్చు, 2023 నుంచి అమెరికాలో దాని స్ప్రే చీటీ లేకుండానే దొరుకుతోంది. అంటే పక్కనున్నవాడు చేసే ఫోన్‌లోనే ప్రాణం ఉంది. 2007లో న్యూ మెక్సికోతో మొదలుపెట్టి దాదాపు అన్ని రాష్ట్రాలూ, సాయానికి ఫోన్ చేసినవారిపై మందు దగ్గర ఉంచుకున్న కేసు పెట్టకుండా చట్టాలు చేశాయి. చాలాచోట్ల ఆ రక్షణ హత్యాభియోగం దాకా రాదు. మనిషి బతికితే ఫోన్ చేసినవాడికి రక్షణ, చనిపోతే అతనే నిందితుడు. వణికే చేతులతో ఫోన్ పట్టుకున్నవాడికి ఏది జరుగుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

ఆ భయం ఏం చేస్తుందో 2009 నాటి ఎవాన్స్ కేసులో ఇంగ్లండ్ కోర్టు చూసింది. 16 ఏళ్ల అమ్మాయికి ఆమె సవతి అక్క హెరాయిన్ తెచ్చిచ్చింది. ఓవర్‌డోస్ లక్షణాలు కనిపిస్తున్నా, తమకు చిక్కులొస్తాయని తల్లీ ఆమే సాయం పిలవకుండా పడుకోబెట్టారు. అమ్మాయి చనిపోయింది. ప్రమాదాన్ని సృష్టించినవారికి దాన్ని తప్పించే ప్రయత్నం చేసే బాధ్యత ఉంటుందని కోర్టు శిక్షను ఖాయం చేసింది. నేను కోరేది ఈ సూత్రమే. ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే ఉన్నవాడిపై మరణానికి సంబంధించిన అభియోగం మోపకూడదని ప్రతి రాష్ట్రమూ చట్టంలో రాయాలి. వదిలేసి పారిపోయినవాడికి, మాత్రలో ఏముందో తెలిసి దాచినవాడికి ఆ రక్షణ ఉండకూడదు. దీన్ని పెద్ద డీలర్లు వాడుకుంటారన్న అభ్యంతరం వినిపిస్తుంది. కొన్నవాడు కుప్పకూలే వేళకు పెద్ద డీలర్ ఆ గదిలో ఉండడు. ఉండేది అతనితో కలిసి మందు తీసుకున్నవాడే.