నురగ నివారణ పథకం

నదికి జబ్బు చేస్తే ఏం చేయాలో మన దేశానికి తెలిసిపోయింది. నురగ కొట్టేయాలి. ఒక పడవ, అందులో ఇద్దరు మనుషులు, ఒక డ్రమ్ము, ఒక పైపు, కాస్త డీఫోమర్ మందు. చల్లుకుంటూ పోతే కాసేపటికి నీళ్ళు నల్లగా, నిశ్చలంగా, మర్యాదగా కనబడతాయి. నల్లగా ఉన్నా పర్లేదు, టీవీలో నలుపు పెద్దగా తెలియదు. తెల్లగా ఉంటేనే తలనొప్పి.

ఏటా ఛఠ్ పూజ వస్తుంది. ఏటా ఢిల్లీలో కాళిందీ కుంజ్ దగ్గర యమున మీద నురగ వస్తుంది. ఆ నురగలో నడుం లోతున నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్న ఆడవాళ్ళ ఫొటో ప్రపంచమంతా తిరుగుతుంది. అది చూసి ఏలినవారికి చాలా బాధేస్తుంది. నది గురించి అనుకునేరు. ఫొటో గురించి.

2021లో ఈ బాధ తట్టుకోలేక నదిలో వెదురు కర్రలతో దడి కట్టారు. నురగను అడ్డుకోవడానికి. నేనేమీ కల్పించి చెప్పడం లేదు, పేపర్లన్నీ వేశాయి. మేకలు చేలో పడకుండా మనం కట్టే దడి లాంటిదే, కాకపోతే రాజధానిలో, ప్రభుత్వ ఖర్చుతో. అది చాలదని పడవల్లోంచి నీళ్ళు చల్లారు. నది మీద నీళ్ళు! మరుసటి ఏడాదికి బుద్ధి వికసించి కెమిస్ట్రీ దాకా వచ్చారు, డీఫోమర్ చల్లారు. అది విషమని ఒక ఎంపీ గారు కేకలేశారు. కాదని నిరూపించడానికి జల్ బోర్డు అధికారి ఒకాయన అక్కడే యమున నీళ్ళతో స్నానం చేసి చూపించారు. మందు విషం కాదని ఆ విధంగా తేలింది. నీళ్ళ సంగతేమిటన్నది ఆ రోజు ఎజెండాలో లేదు.

ఈ మందు ఎలా పనిచేస్తుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో మన పరిపాలనా సిద్ధాంతం మొత్తం ఉంది. సబ్బు అణువుకు ఒక కొస నీళ్ళంటే ప్రాణం, రెండో కొసకు నీళ్ళంటే పడదు. అందుకని అది నీటి పైపొరలో చేరి, గాలి బుడగకు పల్చని గోడ కడుతుంది. శుద్ధి కాని మురుగుతో పాటు డిటర్జెంట్లు, వాటిలోని ఫాస్ఫేట్ నదిలో చేరతాయి. ఓఖ్లా బ్యారేజీ మీంచి నీళ్ళు కింద పడి చిలికినట్టవుతాయి. నురగ సిద్ధం. డీఫోమర్ అంటే మామూలుగా సిలికోన్ నూనె లాంటిది. అది బుడగ గోడ మీద పాకి, గోడను పగలగొడుతుంది. అంతే. బుడగ పగిలింది, గాలి పోయింది. సబ్బు మాత్రం నీళ్ళలోనే ఉంది, ఫాస్ఫేట్ నీళ్ళలోనే ఉంది, మురుగు నీళ్ళలోనే ఉంది. కొత్తగా కొంచెం డీఫోమర్ కూడా ఉంది. కాలుష్యం ఇసుమంత కూడా తగ్గకుండా కాలుష్యం వార్త పూర్తిగా తగ్గిపోతుంది. ఇంత అద్భుతమైన రసాయనం మానవజాతి చరిత్రలో ఇంకోటి ఉంటే చెప్పండి.

వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా 22 కిలోమీటర్లు. యమున పొడవులో అది రెండు శాతం లోపే. నది మోసే మురికిలో ముప్పాతిక వంతు పైగా ఆ కాస్త దూరంలోనే కలుస్తుంది. కలిపే నాలాలు ఎన్నో, ఏది ఎక్కడ కలుస్తుందో పటాలు, పట్టికలు అన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. కానీ నాలా మూయాలంటే గొడవలు, శుద్ధి కేంద్రం నడపాలంటే కరెంటు బిల్లు. పడవైతే అద్దెకు దొరుకుతుంది.

ఢిల్లీ వాళ్ళను చూసి నవ్వుకోవడం ఆపి ఇక మన ఇంటికొద్దాం. హైదరాబాదులో కూకట్‌పల్లి పక్కన ధరణినగర్ వాళ్ళకు యమున దాకా వెళ్ళే శ్రమ లేదు. గట్టి వాన పడితే నాలా పొంగి నురగే వీధిలోకి వచ్చి గుమ్మం ముందు నిలబడుతుంది. అయినా మనకు ఇంకా నురగ నివారణ పథకమంటూ ఒకటి లేకపోవడం వెనకబాటుతనమే. త్వరలో వస్తుంది. ప్రారంభోత్సవం నాకు కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది.

నాలా పక్కన షామియానా. ఫ్లెక్సీలో మంత్రిగారు చేతులు జోడించి ఉంటారు, వెనకాల నయాగరా జలపాతం. డ్రోన్‌తో మందు చల్లాలి కాబట్టి డ్రోన్‌కు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు రెక్కలకూ నాలుగు నిమ్మకాయలు కట్టారు. ఆ బరువుకు అది లేవదని ఆపరేటర్ గొణుగుతున్నాడు. మంత్రిగారు రానే వచ్చారు. నాలా వైపు చూశారు.

"నురగేదీ?"

అధికారులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "రాలేదు సార్."

"రాకపోవడమేంటి? మీడియా వచ్చింది, నేనొచ్చాను, నురగకేం రోగం?"

"వాన పడలేదు సార్. వాన పడితేనే..." అని ఇంజనీరు నసిగాడు.

"వానకీ నురగకీ ఏం సంబంధం?"

"అంటే సార్, వాన పడిన రాత్రి ట్యాంకర్లు... అదే సార్, కంపెనీల వాళ్ళు... వరదలో ఎవరిదో తెలియదు కదా సార్..."

పక్కనున్న పెద్ద అధికారి గట్టిగా దగ్గాడు. ఇంజనీరు ఆగిపోయాడు. ఆ దగ్గులో అతని ట్రాన్స్‌ఫర్ ఆర్డరు మొత్తం వినబడింది.

మంత్రిగారు దూరదృష్టి ఉన్న మనిషి. "అయితే వాన పడేలా చూడండి" అన్నారు. దీనికి కూడా కెమిస్ట్రీ ఉంది మరి! ఢిల్లీలో 2025 అక్టోబరులో ఐఐటీ కాన్పూర్ వాళ్ళు పొగ కడిగేద్దామని విమానంలో వెళ్ళి మబ్బుల్లో సిల్వర్ అయోడైడ్ చల్లారు. మబ్బుల్లో తేమ చాలలేదు, వాన పడలేదు. విమానం మాత్రం క్షేమంగా దిగింది. మన పథకం అంతకన్నా సమగ్రం. మొదటి విడతలో మబ్బుకు సిల్వర్ అయోడైడ్, దాంతో వాన. వానకు ట్యాంకర్లు బయల్దేరతాయి, దాంతో నురగ. రెండో విడతలో నురగకు డీఫోమర్. మూడో విడతలో కంపుకు సెంటు. విడతకో టెండరు, టెండరుకో బావమరిది. చివరికి ఆ రోజు పని ఆగకూడదని ఒక హోంగార్డు పక్క కిరాణా కొట్టుకు పరిగెత్తి రెండు కిలోల బట్టల సబ్బు పొడి తెచ్చి నాలాలో గుమ్మరించాడు. ఇద్దరు కర్రలతో చిలికారు. నురగ లేచింది, చప్పట్లు పడ్డాయి, రిమోట్ నొక్కారు. డ్రోన్ నిమ్మకాయలతో సహా నాలాలో పడింది. ప్రారంభోత్సవం విజయవంతం.

సరే. నురగది ఒకటే తప్పు, అది కనబడుతుంది. కంపుది ఒకటే తప్పు, అది ముక్కుకు తగులుతుంది. కాబట్టి ఆ రెంటికీ మందు కొడతారు. కనబడనిదీ, వాసన రానిదీ అయితే? అక్కడ మనవాళ్ళ కెమిస్ట్రీ ఇంకా పై స్థాయిలో ఉంటుంది.

హైదరాబాదు చుట్టూ మందుల కంపెనీలు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. గర్వపడతాం కూడా, పడాల్సిందే. దేశానికే కాదు, చాలా దేశాలకు మాత్రలు ఇక్కడి నుంచే వెళ్తాయి. మాత్రలు వెళ్తాయి, మిగిలింది ఉంటుంది. ఎంత మిగులుతుందో షెల్డన్ అనే కెమిస్టు 1992లోనే లెక్క కట్టాడు. చమురు శుద్ధిలో కిలో సరుకుకు పుట్టే వ్యర్థం వంద గ్రాములు కూడా ఉండదు. మందుల తయారీలో కిలోకు 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కిలో మందు ఓడెక్కుతుంది. ఆ 25, ఆ 100 కిలోలు మన పటాన్‌చెరులో, బొల్లారంలో, జీడిమెట్లలో ఉండిపోతాయి. వాటికి వీసా రాదు.

స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో మందుల కంపెనీల మురికినీళ్ళు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేసి, 2007లో ఫలితం బయటపెట్టారు. శుద్ధి అయిపోయిన నీళ్ళండీ, శుద్ధికి ముందువి కాదు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, అంటే క్రిములను చంపే మందు, ఉంది. జ్వరమొచ్చి ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. మన వాగుకు ఏ జ్వరమొచ్చిందో, ఏ డాక్టరు రాశాడో తెలియదు గానీ, డోసు మాత్రం ఘనంగా పడింది. తర్వాత రెండేళ్ళకు చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ళ బావి నీళ్ళలో కూడా మందులు దొరికాయి. చెరువులో జలుబు మాత్ర సెటిరిజిన్ కూడా ఉంది. చేపలకు ముక్కు కారకుండా అనుకోవాలి.

ఇందులో ఇంకో సొగసు ఉంది. నీళ్ళలో మురికి కొలవడానికి బీఓడీ అని ఒక పరీక్ష. మురికిని తినే సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ పీల్చాయో చూస్తారు. ఎక్కువ పీల్చితే ఎక్కువ మురికి. మరి నీళ్ళలో సూక్ష్మజీవులను చంపే మందే ఉంటే? అవి తినవు, పీల్చవు, చస్తాయి. బీఓడీ తక్కువ వస్తుంది. విషం ఎంత ఎక్కువైతే రిపోర్టు అంత శుభ్రంగా రావచ్చన్నమాట!

చచ్చేవి చావగా మిగిలినవి ఉంటాయే, వాటి సంగతి. కంపెనీ నీళ్ళను బ్యాక్టీరియాతో శుద్ధి చేయాలి కాబట్టి, ఆ బ్యాక్టీరియా కోసం పటాన్‌చెరు కేంద్రంలో మనుషుల మురుగు కూడా కలిపేవారు. మన పేగుల్లోని క్రిములు ఒక పక్క, వాటిని చంపే మందు ఇంకో పక్క, ఒకే ట్యాంకులో, రాత్రీ పగలూ. అమీర్‌పేటలో కూడా ఇంత పకడ్బందీ కోచింగ్ దొరకదు. రోజూ పరీక్ష, ఫెయిలైన క్రిమి అక్కడే చస్తుంది. పాసైంది పక్కవాటికి నోట్స్ ఇస్తుంది. నిజంగానే ఇస్తుంది, మందును తట్టుకునే జన్యువులను ఒకదానికొకటి ఇచ్చుకోవడం బ్యాక్టీరియాకు మామూలే. ఫీజు లేదు, సీట్ల పరిమితి లేదు, బయటికొచ్చినవాటికి ప్లేస్‌మెంట్ ఎక్కడంటారా? ఐసీయూలో.

అదంతా పాత లెక్క, ఇప్పుడు అలా లేదు అంటారు. మంచిది, సంతోషం. కొత్త లెక్క చూపించండి. నురగకు బడ్జెట్ ఉన్నప్పుడు నీళ్ళ సీసాకు ఉండదా?

చూపించరు, ఎందుకంటే చూపించాల్సిన అవసరం లేకుండా చేసుకున్నారు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చింది. మందుల కంపెనీలు వదిలే నీళ్ళలో 121 యాంటీబయాటిక్స్‌లో ఏది ఎంత మించకూడదో అందులో అంకెలు వేసి మరీ రాశారు. చాలా దేశాలు చేయని పని, మన వాళ్ళు చేశారు. నాకైతే నమ్మబుద్ధి కాలేదు. కాకపోవడమే మంచిదైంది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. ఆ అంకెలు లేవు. పెంచలేదు, తగ్గించలేదు, గడువు ఇవ్వలేదు. పట్టిక మొత్తం ఎత్తేశారు.

ఇక్కడ నాకు జోకు రావడం లేదు. పడవా నవ్వొచ్చింది, వెదురు దడీ నవ్వొచ్చింది, ఇది రావడం లేదు. పురుగు మందులకు, లోహాలకు, ఉప్పుకు, వేడికి పరిమితి ఉన్న దేశంలో, ప్రపంచానికి యాంటీబయాటిక్స్ అమ్మే దేశంలో, కంపెనీ గేటు బయట నీళ్ళలో యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చో చెప్పే ఒక్క అంకె చట్టంలో పెట్టడానికి చేతులు రాలేదు. చేత కాదా? చేతనవును, ఎత్తేయడానికి పద్ధెనిమిది నెలల ముందు మీరే రాశారు. కొలిచే యంత్రాలు లేవా? మాత్రలో మందు సరిపోయిందో లేదో మిల్లీగ్రాములో వెయ్యో వంతు దాకా కొలిచే యంత్రం ప్రతి కంపెనీ ల్యాబులో ఉంది. అమెరికాకు పంపే మాత్రకు కొలుస్తారు. పటాన్‌చెరు పక్కన పారే నక్కవాగుకు పంపే నీళ్ళకు కొలవరు. విరగ్గొట్టే కెమిస్ట్రీ లేదా? ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే టార్టారిక్ ఆమ్లం ఆక్సీకరణ చెందుతుందని ఫెంటన్ అనే కెమిస్టు 1894లోనే చూపించాడు, ఆ జోడీతోనే మొండి అణువులను కూడా విరగ్గొట్టొచ్చు. ఓజోన్ ఉంది, యాక్టివేటెడ్ కార్బన్ ఉంది. కొంత డబ్బవుతుంది, ధరలో కొన్ని రూపాయలు పెరగొచ్చు. ఆ రూపాయలు మిగలడం కోసం ఒక ప్రాంతం నీళ్ళు మొత్తం పణంగా పెట్టి, సాయంత్రానికి హోటల్లో పర్యావరణ సదస్సులో గ్రీన్ కెమిస్ట్రీ గురించి మాట్లాడతారు. ఆ గ్రీన్ కెమిస్ట్రీకి 1998లో అనస్టాస్, వార్నర్ అనే కెమిస్టులు రాసిన 12 సూత్రాల్లో మొదటిదే వ్యర్థం పుట్టనివ్వకు అని. మిగతా పదకొండు చదవకపోయినా నష్టం లేదు, ఆ మొదటి లైను దగ్గర వేలు పెట్టి చదవండి సిగ్గుంటే.

ఆ ఎత్తేసిన పట్టికను తిరిగి పెట్టడానికి కొత్త కమిటీ అక్కర్లేదు, విదేశీ టూరు అక్కర్లేదు, డ్రోన్ అసలే అక్కర్లేదు. టైపింగ్ పని కూడా లేదు. 2020 నాటి ఫైలు శాఖ కంప్యూటర్లోనే ఎక్కడో ఉంటుంది. ఏ ఫోల్డర్లో పెట్టారో మర్చిపోతే చెప్పండి, కాపీ దాచుకున్నవాళ్ళు దేశంలో చాలామంది ఉన్నారు, మెయిల్ చేస్తారు.